భుజాలు తడుముకున్న ప్రతివాడూ దొంగ కాదు

ఆ రోజు నేను తలుపు తీసేసరికి హాలు మధ్యలో నా చెప్పు ముక్కలై పడుంది, పట్టీ ఒకచోట, అడుగు ఒకచోట. మా కుక్క చిట్టి టేబుల్ కింద నక్కి ఉంది. చెవులు వెనక్కి అతుక్కుపోయాయి, తోక కాళ్ళ మధ్యకి వెళ్ళిపోయింది, తల పక్కకి తిప్పేసుకుని కంటి చివర్నుంచి తెల్లగుడ్డు కనపడేలా నన్నే చూస్తోంది. ఇంకేం సాక్ష్యం కావాలి చెప్పండి. "చూడండి దాని మొహం, చేసిన తప్పు దానికే తెలుసు" అని మా ఆయనతో అని, చెప్పు ముక్క దాని ముక్కు దగ్గర పెట్టి గట్టిగా తిట్టాను, ఆ రాత్రంతా దగ్గరకి రానివ్వలేదు కూడా. రెండ్రోజులాగి మావాడు నసుగుతూ అసలు విషయం చెప్పాడు. ఆ మధ్యాహ్నం వాడి ఫ్రెండు తన కుక్కపిల్లని తీసుకొచ్చాడట, చెప్పు కొరికింది అదట, అది ఉన్నంతసేపూ చిట్టిని లోపలి గదిలో పెట్టి తలుపేశారట. అంటే చిట్టి ఆ చెప్పుని ముట్టుకోను కూడా లేదు. మరి ఆ మొహం ఏంటి?

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని మనకో సామెత ఉంది కదా. చిన్నప్పట్నుంచీ వింటున్నదే, ఎప్పుడూ అనుమానం రాలేదు. కానీ ఒక్కసారి ఆలోచించండి, నలుగురిలో నిలబెట్టి దొంగ ఎవడ్రా అని గద్దిస్తే ఏ తప్పూ చేయనివాడు కూడా భయంతో ఒకసారి భుజం చూసుకుంటాడు. తడుముకోవడం మన కంటికి కనపడింది, దొంగ అన్నమాట మాత్రం మనం తగిలించింది.

తర్వాత తెలిసింది, సరిగ్గా ఈ విషయం మీదే అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే ఆవిడ 2009లో ఒక స్టడీ వేశారని. 14 కుక్కలు, వాటి యజమానులు. యజమాని ఒక తినే వస్తువు చూపించి వద్దని చెప్పి గది బయటికి వెళ్తారు. ఆ టైంలో కొన్నిసార్లు కుక్కకి అది దక్కుతుంది, కొన్నిసార్లు దక్కదు, తిరిగొచ్చిన యజమానికి మాత్రం జరిగిందొకటైతే చెప్పేదొకటి కూడా కావచ్చు. ఆ "తప్పు చేసిన మొహం" కుక్క నిజంగా తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, యజమాని తిట్టాడా లేదా అన్నదాన్ని బట్టే వచ్చింది. ఇంకా బాధేంటంటే, ఏమీ తినకుండా తిట్లు తిన్న కుక్కల్లోనే ఆ మొహం ఎక్కువగా కనపడింది. అది చదివినప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నిజంగా. నాలుగేళ్ళుగా నా పక్కన పడుకుంటున్న జీవి భయపడుతుంటే నేను దాన్ని నేరం ఒప్పుకోవడం అనుకున్నాను.

అప్పట్నుంచీ జంతువుల ప్రవర్తన మీద, అదే ఎథాలజీ అంటారు కదా, దొరికిందల్లా చదువుతున్నాను. నేను చదువుకున్నది ఇది కాదు, ఉద్యోగమూ ఇందులో కాదు. కానీ ఎంత చదివితే అంత గట్టిగా ఒక్కటే అనిపిస్తోంది, జంతువుల్ని చూపించి మనుషుల మీద తీర్పులిచ్చేవాళ్ళలో చాలామంది ఆ జంతువుని కూడా సరిగ్గా చూసి ఉండరు. అలాంటి తీర్పులు ఎప్పుడూ బలహీనుల మీదే పడతాయి. కుక్కల మీద, పిల్లల మీద, తల్లుల మీద.

ముందు ఈ "ఆల్ఫా" గోల తీసుకోండి. ఫోన్ తెరిస్తే చాలు, ఆల్ఫా మగాడు ఎలా నడవాలి, ఎలా మాట్లాడాలి, ఆడవాళ్ళ దగ్గర ఎలా ఉండాలి అని పాఠాలు చెప్పే వీడియోలు, ఎందుకయ్యా అంటే తోడేళ్ళ గుంపులో అలాగే ఉంటుంది, అది ప్రకృతి నియమం అంటారు. తోడేళ్ళ విషయంలో ఈ మాట ఎక్కడ్నుంచి వచ్చిందో చూద్దాం. రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన స్విట్జర్లాండ్‌లో బాజెల్ జూలో ఉన్న తోడేళ్ళని గమనించి 1947లో ఒక పేపర్ రాశారు. కంచె లోపల, ఎటూ పోవడానికి వీల్లేని చోట ఉన్న తోడేళ్ళవి. అవి కొట్టుకున్నాయి, ఒకటి పైకొచ్చింది, మిగతావి అణిగాయి. దాన్నే ఆల్ఫా అన్నారు. 1970లో డేవిడ్ మీచ్ అనే సైంటిస్టు తోడేళ్ళ మీద పెద్ద పుస్తకం రాస్తూ ఈ లెక్కనే అందులో పెట్టారు, ఆ పుస్తకం బాగా అమ్ముడుపోయింది, మాట ప్రపంచమంతా పాకింది.

కథ అక్కడితో ఆగుంటే నేనిది రాసేదాన్ని కాదు. అదే మీచ్ 1986 నుంచీ ప్రతి ఎండాకాలం కెనడా ఉత్తరాన ఎల్స్‌మీర్ దీవికి వెళ్ళి, మనుషులంటే భయంలేని అడవి తోడేళ్ళ గుంపు పక్కనే కూర్చుని వాటిని చూశారు. అక్కడ ఆయనకి కనపడింది ఏంటో తెలుసా? ఒక అమ్మ, ఒక నాన్న, వాళ్ళ పిల్లలు. పెద్దపిల్లలు చిన్నపిల్లల్ని చూసుకుంటాయి, రెండు మూడేళ్ళొచ్చేసరికి ఇల్లు వదిలి వెళ్ళి తమ జోడీ వెతుక్కుంటాయి. కుర్చీ కోసం కొట్టుకోవడాలు లేవు. 1999లో ఆయనే పేపర్ రాసి, అడవిలో ఉన్న మామూలు గుంపులో ఆల్ఫా అనడం అంటే మనింట్లో అమ్మానాన్నల్ని ఆల్ఫా అన్నట్టే ఉంటుందని అర్థమయ్యేలా చెప్పారు. తన పాత పుస్తకం అచ్చు ఆపమని పబ్లిషర్ని ఏళ్ళ తరబడి అడిగారు, 2022కి గానీ అది ఆగలేదు. తను రాసిందే తప్పని చెప్పడానికి ఒక మనిషి అంత కష్టపడటం చూస్తే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆ ఆల్ఫా వీడియోలు చేసేవాళ్ళకి ఇది తెలీదు, తెలిసినా వదలరేమో, ఎందుకంటే వాళ్ళకి కావాల్సింది తోడేలు కాదు కదా, తమ పెత్తనానికి ఒక సర్టిఫికెట్ కావాలి.

జైల్లో పదిమంది అపరిచితుల్ని ఒక గదిలో పెట్టి, వాళ్ళు ఎలా కొట్టుకున్నారో రాసుకుని, ఇదీ మానవ కుటుంబం అంటే ఒప్పుకుంటామా? అందుకే నేనిప్పుడు ఎవరైనా "జంతువుల్లో ఇలా ఉంటుంది" అనగానే అడిగే మొదటి ప్రశ్న, ఎక్కడ చూశారు, బోనులోనా బయటా? రెండో ప్రశ్న, ఎన్నాళ్ళు చూశారు?

మూడోది కూడా ఉంది, చూస్తున్నప్పుడు మీరెక్కడ నిలబడ్డారు అని. ఇది హాన్స్ అనే గుర్రం నేర్పిన పాఠం. 1900ల మొదట్లో బెర్లిన్‌లో ఫాన్ ఓస్టెన్ అనే రిటైరయిన టీచరు దగ్గర ఉండేది ఆ గుర్రం, లెక్క అడిగితే కాలి గిట్టతో కొట్టి జవాబు చెప్పేది. 1904లో ఒక కమిటీ వచ్చి చూసి ఇందులో మోసమేం లేదని తేల్చింది కూడా, నిజంగానే మోసం లేదు, ఆ ముసలాయన అంత నిజాయితీగా నమ్మాడు. తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే కుర్రాడు ఓపిగ్గా ఒక్కో షరతూ మారుస్తూ పోయాడు. అడిగేవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలీదు. అడిగేవాడు కనపడకపోయినా అంతే. సరైన అంకె రాగానే అడిగినవాడి తల తనకే తెలియకుండా ఇంతంటే ఇంత కదులుతుంది, గుర్రం అది చూసి ఆగిపోతుంది. ఫుంగ్‌స్ట్ ఆ రహస్యం కనిపెట్టాక కూడా ఆ కదలికని తనలో ఆపుకోలేకపోయాడట. చాలామంది ఈ కథ చెప్పి గుర్రానికి లెక్కలు రావు అంతే అని వదిలేస్తారు. నాకైతే అసలు అద్భుతం అక్కడే ఉందనిపిస్తుంది, పక్కనున్న మనుషులెవరికీ కనపడనిది ఆ గుర్రానికి కనపడింది, మనం దాన్ని చూస్తున్నామనుకున్నంతసేపూ అదే మనల్ని చూస్తోంది.

సరే, ఇదంతా విని జంతువులకీ మనకీ పోలికే లేదనుకుంటే అదింకో పెద్ద తప్పు. ఆ తప్పు కూడా చేశారు. 1920ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు అమెరికాలో మనసు, ప్రేమ, బాధ లాంటి మాటలు సైన్సులో ఉండకూడదు, కొలవగలిగిన ప్రవర్తన తప్ప ఇంకేమీ లెక్కలోకి రాదు అన్నవాళ్ళదే రాజ్యం. వాళ్ళలో పెద్దాయన జాన్ వాట్సన్ 1928లో తల్లిదండ్రుల కోసం పుస్తకం రాస్తూ పిల్లల్ని కౌగిలించుకోవద్దు, ముద్దు పెట్టుకోవద్దు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు, పొద్దున్నే షేక్‌హ్యాండ్ ఇవ్వండి చాలు అన్నారు. బిడ్డ తల్లిని అంటిపెట్టుకునేది పాల కోసమే అన్నది అప్పటి లెక్క.

ఆ లెక్కని విరగ్గొట్టింది అమెరికాలో విస్కాన్సిన్‌లో హ్యారీ హార్లో అనే సైకాలజిస్టు చేసిన ప్రయోగాలు. పుట్టిన కొన్ని గంటలకే కోతిపిల్లల్ని తల్లి నుంచి విడదీసి రెండు బొమ్మ తల్లుల దగ్గర పెట్టారు, ఒకటి ఉత్త ఇనుప తీగెది, దానికి పాలసీసా ఉంటుంది, ఇంకోటి మెత్తటి టవల్ గుడ్డ చుట్టింది, దాంట్లో పాలు ఉండవు. పిల్లలు తీగె తల్లి దగ్గరికి పాలు తాగే కాసేపు వెళ్ళేవి, మిగతా రోజంతా గుడ్డ తల్లిని కరుచుకునే ఉండేవి, ఏదైనా భయపెట్టే వస్తువు పెడితే పరిగెత్తుకుంటూ గుడ్డ తల్లి మీదకే ఎక్కేవి. 1958లో ఈ సంగతి ఆయన బయటపెట్టారు. బ్రిటన్‌లో జాన్ బౌల్బీ అనే మానసిక వైద్యుడు పిల్లల అనుబంధం మీద రాస్తున్న సిద్ధాంతానికి ఈ కోతుల ప్రయోగాలూ, లోరెంజ్ అనే సైంటిస్టు బాతుల మీద చేసిన పనీ రెండూ బలమిచ్చాయి, ఆస్పత్రిలో ఉన్న చిన్నపిల్లల దగ్గరికి తల్లిదండ్రుల్ని రానివ్వని పాత పద్ధతి మారడం వెనక బౌల్బీ, ఆయనతో పనిచేసినవాళ్ళ కృషి ఉంది. అంటే జంతువులతో మన చుట్టరికం ఒప్పుకోవడం వల్ల మనుషుల పిల్లలకి మేలు జరిగింది.

కానీ ఇది రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. తర్వాత చేసిన ప్రయోగాల్లో ఇంకొన్ని కోతిపిల్లల్ని నెలల తరబడి, ఏడాది దాకా ఒంటరిగా పెట్టారు. బయటికొచ్చాక అవి తమ ఒళ్ళు తామే పట్టుకుని ఊగుతూ కూర్చునేవి. అలా తల్లి లేకుండా పెరిగి తల్లులైనవాటిలో కొన్ని తమ బిడ్డల్ని నేలకేసి నొక్కేశాయి, కొరికాయి. కోతికి కూడా మనలాగే తల్లి కావాలని రుజువు చేసిన ప్రయోగమే, అది కోతికి చేయకూడని పని అని కూడా రుజువు చేసింది. బాధ పడదనుకుంటే ఆ ప్రయోగానికి అర్థమే లేదు, పడుతుందంటే చేయడానికి హక్కు లేదు. నేనెన్నిసార్లు ఆలోచించినా ఈ ముడి విప్పుకోలేకపోయాను.

ఇప్పుడు నాకు అన్నిటికంటే దగ్గరగా తగిలిన సంగతికొస్తాను. 1973లో మెడిసిన్ నోబెల్ ముగ్గురికి వచ్చింది, కార్ల్ ఫాన్ ఫ్రిష్, కొన్రాడ్ లోరెంజ్, నికో టిన్‌బర్గెన్. తేనెటీగల నాట్యాన్ని చదివినాయన ఫ్రిష్. లోరెంజ్ 1938లో నాజీ పార్టీలో చేరి, పెంపుడు జంతువులు చెడిపోయినట్టే నాగరికతలో మనుషుల జాతీ చెడిపోతోందని రాసిన మనిషి, తర్వాత చింతించాననీ చెప్పుకున్నారు. టిన్‌బర్గెన్ అదే కాలంలో యూదు ప్రొఫెసర్లని తీసేయడాన్ని వ్యతిరేకించి, జర్మన్ల క్యాంపులో రెండేళ్ళు బందీగా ఉన్నారు. ఇద్దరూ స్నేహితులు. బాతుల్ని అంత బాగా చూసిన కళ్ళకి మనుషుల దగ్గరకొచ్చేసరికి ఏమైందో అని లోరెంజ్ గురించి ఎప్పుడూ అనిపిస్తుంది.

టిన్‌బర్గెన్ అంటే నాకు చాలా గౌరవం. ఆయన పని ఎలా ఉండేదో ఒక్కటి చెప్తాను. నల్లతల గల్ అని సముద్రపు పక్షి, పిల్ల బయటికొచ్చాక విరిగిన పెంకుని ముక్కున కరుచుకుని తీసుకెళ్ళి దూరంగా పారేసి వస్తుంది. చూసిన ఎవరైనా ఏమంటాం? గూడు శుభ్రంగా పెట్టుకుంటోంది అంటాం. ఆయన ఊరుకోలేదు. పెంకు లోపల తెల్లగా మెరుస్తుంది కదా, దాన్ని చూసి శత్రువులు గూడు పట్టేస్తున్నాయేమో అనుకుని, ఇసుకలో గుడ్లు పరిచి, కొన్నిటి పక్కన దగ్గరగా, కొన్నిటికి దూరంగా పగిలిన పెంకులు పెట్టి కాకుల కోసం కాచుకున్నారు. పెంకు ఎంత దగ్గరగా ఉంటే గుడ్డు పోయే అవకాశం అంత ఎక్కువ. సరే మరి, అంత ప్రమాదమైతే పిల్ల బయటికి రాగానే తీసేయొచ్చుగా, గంటో రెండో ఎందుకు ఆగుతుంది? ఎందుకంటే అప్పుడే పుట్టిన తడి పిల్లని పక్క గూటి గల్‌లే మింగేస్తాయి, ఒళ్ళు ఆరి బూరు వచ్చేదాకా కదలకూడదు. ఏడాదిలో ఆ పక్షి చేసే కొద్ది నిమిషాల పని అది. దానికోసం ఇంత!

1963లో ఆయనే రాసిన పేపర్‌లో, ఏ ప్రవర్తననైనా నాలుగు వైపుల్నుంచి అడగాలన్నారు. ఇప్పుడు ఆ క్షణంలో దాన్ని కదిలించింది ఏంటి, పుట్టి పెరిగే క్రమంలో అది ఎలా వచ్చింది, బతకడానికి ఎలా పనికొస్తోంది, తరతరాల పరిణామంలో ఎక్కడ్నుంచి వచ్చింది. ఒకదాని జవాబు ఇంకోదానికి చెల్లదు.

అలాంటి మనిషి, నోబెల్ అందుకున్న ఉపన్యాసంలో పెద్ద భాగం ఆటిజం గురించి మాట్లాడారు. ఆయనా, ఆయన భార్యా కలిసి, దగ్గరికి రావాలా పారిపోవాలా అని గల్ పక్షి తటపటాయించడాన్ని ఆటిజం ఉన్న పిల్లల చూపుల్లో చూశారు, చూసి, ఇది మొదట్లోనే తల్లీబిడ్డల బంధం చెడటం వల్ల వస్తోందన్నట్టు వాదన అల్లారు. 1983లో రాసిన పుస్తకంలో అయితే బిడ్డ గింజుకుంటున్నా సరే తల్లి బలవంతంగా పట్టుకునే పద్ధతిని మందుగా చెప్పారు. అప్పటికే 1977లో కవలల మీద చేసిన స్టడీ ఆటిజం వెనక జన్యువుల పాత్ర గట్టిగా ఉందని చూపించింది, తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ దాన్నే బలపరిచాయి. ఒక పెంకు ఎందుకు పారేస్తోందో తెలుసుకోడానికి ఇసుకలో గుడ్లు పరిచి కాపు కాసిన ఆయన, తల్లుల విషయంలో అలాంటి పరీక్ష ఒక్కటీ పెట్టుకోకుండా, చూడగానే అర్థమైపోయిందనుకున్నారు. నేను చిట్టి మొహం చూసి అనుకున్నట్టే.

మా అక్క కొడుక్కి ఆటిజం. వాడికి మూడేళ్ళప్పుడు ఒక పెద్ద డాక్టరు, పేరెందుకులెండి, వాడి కళ్ళల్లోకి ఒకసారి చూసి మా అక్క వైపు తిరిగి "నువ్వు ఉద్యోగానికి ఎప్పుడు తిరిగెళ్ళావమ్మా" అని అడిగాడు. అంతే, ఇంకేం అనలేదు. ఆ ఒక్క ప్రశ్న మా అక్కని ఐదేళ్ళు తినేసింది. ఉద్యోగం మానేసింది, రాత్రుళ్ళు లేచి కూర్చుని నేనే చేశాను వీడికిది అని ఏడ్చేది. మేం ఎంత చెప్పినా, డాక్టరంతటి ఆయన అన్నాడు కదే అనేది. ఆ డాక్టరు టిన్‌బర్గెన్‌ని చదివాడో లేదో నాకు తెలీదు. కానీ ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి రావడానికి వెనక ఇలాంటి పెద్దవాళ్ళ తొందరపాటు కొంత ఉందని నా నమ్మకం. అందుకే ఈ విషయంలో నాకు కోపం వస్తుంది, దాచుకోను.

ఇంకో రకం వాదన ఉంది, యుద్ధాలు మన రక్తంలోనే ఉన్నాయి, చింపాంజీలని చూడండి అంటారు. నిజమే, జేన్ గుడాల్ అనే పరిశోధకురాలు టాంజానియాలో గోంబే అడవిలో 1960 నుంచీ చూస్తూ వచ్చిన చింపాంజీలు రెండు గుంపులుగా విడిపోయి, 1974 నుంచి 78 దాకా ఒక గుంపు రెండో గుంపు మగవాటిని ఒక్కొక్కటిగా చంపేసింది. అయితే బోనబోలని చింపాంజీల్లాగే కనపడే ఇంకో వానర జాతి ఉంది, అవి కూడా మనకి చింపాంజీలంత దగ్గర చుట్టాలే, వాటిలో ఆడవి జట్టుకట్టి గుంపుని నడిపిస్తాయి, అలా చంపుకోవడాలు కనపడలేదు. కాబట్టి మనం శాంతికాముకులం అనేద్దామా? 2024లో వచ్చిన ఒక స్టడీలో బోనబో మగవి తమలో తాము చింపాంజీల కంటే ఎక్కువసార్లే గొడవపడతాయని తేలింది. ఏ చుట్టాన్ని తీసుకొచ్చి సాక్ష్యం చెప్పించాలన్నా పూర్తిగా మన వైపు చెప్పేవాళ్ళు దొరకరు.

నాకు బాగా నచ్చేది కెన్యాలో బబూన్లనే పెద్ద కోతుల సంగతి. రాబర్ట్ సపోల్‌స్కీ అనే సైంటిస్టు చూస్తున్న ఒక గుంపులో, 1980ల్లో, బాగా దూకుడుగా ఉండే మగవి టూరిస్టు లాడ్జి చెత్తకుప్ప దగ్గరికి కొట్లాడుకుంటూ వెళ్ళి తినేవి, ఆ చెత్తలోని మాంసం నుంచి క్షయ అంటుకుని అవి చచ్చిపోయాయి. నెమ్మదైన మగవి, ఆడవి, పిల్లలు మిగిలాయి. గుంపు మారిపోయింది, ఒకదాన్నొకటి శుభ్రం చేసుకుంటూ కూర్చోవడం పెరిగింది, కిందివాటిని ఊరికే వేధించడం తగ్గింది. బబూన్లలో మగవి పెద్దయ్యాక వేరే గుంపుకి వెళ్ళిపోతాయి, కాబట్టి పదేళ్ళయ్యేసరికి ఆ పాత మగవి ఒక్కటీ లేవు, అన్నీ బయట్నుంచి వచ్చినవే. అయినా ఆ నెమ్మది నిలబడింది. కొత్తగా వచ్చినవాటితో ఆడవి మొదట్నుంచీ మంచిగా ఉండటం ఒక కారణం కావచ్చని సపోల్‌స్కీ వాళ్ళు 2004లో రాశారు. బబూన్ అంటేనే కొట్లాటకి పెట్టింది పేరు. ఆ బబూన్లే ఇలా మారగలిగినప్పుడు, "మగబుద్ధి ఇంతే" అని తేల్చేసేవాళ్ళ దగ్గర ఏం ఆధారం ఉందో నాకు తెలుసుకోవాలనుంది.

ఈ మధ్య నేనొక నోట్‌బుక్ పెట్టుకున్నాను. పేజీకి నిలువుగా ఒక గీత, ఎడమ పక్క కంటికి కనపడింది, కుడి పక్క నేననుకున్నది. మావాడు స్కూల్ నుంచి రావడానికి ఐదు నిమిషాల ముందే చిట్టి లేచి వెళ్ళి తలుపు దగ్గర కూర్చుంటుంది, వాడి మీద ప్రేమతో దానికి ముందే తెలిసిపోతుందని ఇంట్లో అందరం మురిసిపోయేవాళ్ళం. మూడు వారాలు రాశాక ఒకటి కనపడింది, మా ఆయన ఇంట్లో ఉండి పనిచేసే రోజుల్లో మాత్రమే అది ముందుగా లేస్తోంది. ఆయన నాలుగింటికి లోపల్నుంచి వచ్చి రోడ్డు కనపడేలా కర్టెన్ పక్కకి లాగుతారు. ఆయన ఆఫీసుకెళ్ళిన రోజుల్లో, మావాడి అడుగుల చప్పుడు మెట్ల మీద వినపడేదాకా అది పడుకునే ఉంటోంది. గిట్ట కొట్టిన ఆ గుర్రం గుర్తొచ్చింది నాకు.

మొన్న గురువారం మావాడికి జ్వరమొచ్చి స్కూలుకెళ్ళలేదు, సోఫాలోనే పడుకున్నాడు. నాలుగింటికి మా ఆయన అలవాటుగా వచ్చి కర్టెన్ లాగారు. చిట్టి లేచి తలుపు దాకా వెళ్ళింది, కూర్చోలేదు, వెనక్కి తిరిగి సోఫా వైపు కాసేపు చూసింది, మళ్ళీ తలుపు వైపు చూసింది, తర్వాత వచ్చి వాడి కాళ్ళ దగ్గర పడుకుంది. ఎడమ పక్క ఇదంతా రాసుకున్నాను. రేపు కర్టెన్ మూడింటికే తీయమని మా ఆయనకి చెప్పాను.